డీసీ కామిక్స్ ఎక్కడ మొదలుపెట్టాలి? 1938లో మాత్రం కాదు

మీరు అడిగింది ఒక్క ప్రశ్నలా కనిపిస్తోంది కానీ అందులో మూడున్నాయి. మార్వెల్ సినిమాలు దాదాపు అన్నీ చూశారు, ఇప్పుడు సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్ కథలు వేసే డీసీ వాళ్ల పుస్తకాలు చదవాలని ఉంది. 1938 నాటి సూపర్‌మ్యాన్ నుంచి వరసగా రావాలా, లేక అందరూ 'రీబూట్' అంటున్న, అంటే పాత కథను పక్కనపెట్టి మళ్లీ మొదలుపెట్టిన ఏదో ఒక సంవత్సరం పట్టుకోవాలా అన్నది మొదటిది. పన్నెండేళ్ల మీ అమ్మాయి చేతికి ఏది ఇవ్వవచ్చన్నది రెండోది. 1985 నాటి డీసీ కామిక్ 'క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్' ఒక్కటి చదివితే అంతా తేటతెల్లమవుతుందని మిత్రులెవరో చెప్పారు, నిజమేనా అన్నది మూడోది. నిజం కాదు. ఎందుకు కాదో చెప్పాలంటే మిగతావి ముందు చెప్పాలి.

తొంభైల చివర్లో ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలో 'జీరో అవర్' అనే డీసీ కామిక్ ఒకటి దొరికింది. అట్ట మీద 3 అని అంకె. మొదటి రెండూ దొరికేదాకా దీన్ని తెరవకూడదని ఒట్టు పెట్టుకున్నాను. నాలుగైదు నెలలు ప్రతి ఆదివారం తిరిగితే 1 దొరికింది, 2 దొరకలేదు. సరే, ఒకటీ మూడూ చదివేసి మధ్యలోది ఊహించుకుందామని కూర్చున్నాను. ఒకటో సంచికలో కాలమే తుడిచిపెట్టుకుపోతోంది, ఇక రేపనేది లేదు. మూడో సంచికలో అందరూ హాయిగా బతికే ఉన్నారు, ఏదో కీడు శంకించి కంగారు పడుతున్నారు. నాకు ఇంగ్లీషు రాదనుకున్నాను. కొన్నేళ్ల తరవాత తెలిసింది, 1994లో వచ్చిన ఆ కథకు అంకెలు తలకిందులుగా వేశారని. 4తో మొదలై 0తో ముగుస్తుంది. నా దగ్గరున్న 'ఒకటి' చివరిదానికి ముందుది, 'మూడు' మొదటిదాని తరవాతది.

ఇది నా తెలివితక్కువతనం గురించిన కథ మాత్రమే కాదు. డీసీ ప్రపంచంలో అంకెను నమ్ముకుని మొదలుపెట్టినవారు ఎవరైనా ఇలాగే బోల్తా పడతారు. 'బ్యాట్‌మ్యాన్' పేరుతో ఒకటో సంచిక 1940లో వచ్చింది, 2011లో వచ్చింది, 2016లో వచ్చింది, మళ్లీ 2025లో కూడా వచ్చింది. 'డిటెక్టివ్ కామిక్స్' సంగతి ఇంకా చిత్రం. 2011లో 881 దాకా వెళ్లి ఆగింది, మరుసటి నెలే 1 అయింది, 52 సంచికలు నడిచింది. 2016లో ప్రచురణకర్తలకు పాత లెక్క మీద మమకారం పుట్టింది. 881కి 52 కలిపారు, తరవాతి సంచిక అట్ట మీద 934 అని వేశారు. కాబట్టి దుకాణంలో '1' కనిపించిందని సంబరపడకండి, '934' కనిపించిందని బెదరకండి. ఆ అంకె కథ గురించి కంటే అమ్మకాల గురించే ఎక్కువ చెబుతుంది.

ఇక 1938. ఆ ఏడాది జూన్ తేదీతో వచ్చిన 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచికలో జెర్రీ సీగెల్ రాసి, జో షూస్టర్ గీసిన సూపర్‌మ్యాన్ తొలిసారి కనిపించాడు. అతని కథకు దక్కింది 13 పేజీలే. మిగతా పేజీలన్నీ వేరే పాత్రలవి. ఆ సూపర్‌మ్యాన్‌కు ఎగరడం రాదు, ఒక్క దూకులో రెండు వందల మీటర్లు వెళ్తాడు, అంతే. అతని బలాన్ని హరించే రాయి క్రిప్టనైట్ అనే మాట లేదు, అది 1943లో రేడియో నాటకంలో పుట్టింది. భార్యను కొట్టే భర్తకు బుద్ధి చెప్పడం, అవినీతిపరులైన రాజకీయ నాయకులను హడలగొట్టడం, ఇవీ అతని పనులు. కోపిష్టి కుర్రవాడు. నాకు ఆ కథలంటే ఇష్టమే. కానీ అక్కడి నుంచి వరసగా బయలుదేరితే ఉద్యోగ విరమణ నాటికి కూడా ఈ శతాబ్దంలోకి రాలేరు. పైగా ఆ రచయితలు వరసగా చదవమని రాయనూ లేదు. చేతిలో పది సెంట్లున్న పిల్లవాడు ఏ నెలలో వచ్చి ఏ సంచిక కొన్నా అర్థం కావాలన్నదే అప్పటి పద్ధతి. చందమామలో బేతాళ కథ లాంటిదనుకోండి. విక్రమార్కుడు చెట్టు దగ్గరికి తిరిగి వెళ్లడం, శవాన్ని భుజాన వేసుకోవడం ప్రతి నెలా ఉన్నదే. కథ మాత్రం ఆ నెలది. అంతకుముందు ఎన్ని వందల కథలు వచ్చాయో లెక్కపెట్టి, మొదటిది చదివాకే ఇది చదువుతానని మనలో ఎవరూ మారాం చేయలేదు.

మార్వెల్ సినిమాల అలవాటే ఇక్కడ అడ్డం వస్తుంది. అక్కడ ఒక నిర్మాణ సంస్థ, ఒక పథకం, విడుదల తేదీల వరస. ఒకటి మానేస్తే తరవాతి సినిమాలో ఏదో ఒక మాట అర్థం కాదు. కామిక్స్ ప్రపంచాన్ని అలా ఎవరూ కట్టలేదు. ఎనభై ఏళ్లకు పైగా వందలమంది రచయితలు, చిత్రకారులు ఎవరికి తోచిన గది వారు కట్టుకుంటూ పోయిన ఇల్లు ఇది. కొన్ని గదులకు తలుపుల్లేవు, కొన్ని మెట్లు గోడలోకి వెళ్లి ఆగిపోతాయి. ఆ ఇంటికి సింహద్వారం ఎక్కడ అని మీరు అడుగుతున్నారు. నన్నడిగితే, మంచి గది ఒకటి చూసుకుని కిటికీలోంచి దూరండి.

అయినా రీబూట్ల మాట ఒక్కసారి చెప్పుకోవాలి, లేకపోతే ఆ పదం మిమ్మల్ని వదలదు. 1956లో డీసీ వాళ్లు, మెరుపు వేగంతో పరుగెత్తే వీరుడు ఫ్లాష్ అనే పాత పేరును కొత్త మనిషికి పెట్టారు, బ్యారీ అలెన్ అని. ఈ కుర్రవాడు చిన్నప్పుడు పాత ఫ్లాష్ కామిక్స్ చదివాడట, అంటే పాత ఫ్లాష్ అయిన జే గారిక్ వట్టి కథలో పాత్ర. 1961లో గార్డ్‌నర్ ఫాక్స్ రాసిన ఒక సంచికలో బ్యారీ ప్రమాదవశాత్తు మరో భూమి మీద తేలాడు. అక్కడ జే గారిక్ నెరిసిన జుట్టుతో, నిక్షేపంగా బతికి ఉన్నాడు. అలా రెండో భూమి పుట్టింది. ఆ తరవాత ఇతర ప్రచురణ సంస్థల పాత్రలను కొన్నప్పుడల్లా వాళ్లకు ఇంకో భూమి కేటాయించారు. 1985 నాటికి భూములు ఎక్కువై, కొత్త పాఠకులు బెదిరిపోతున్నారని, మార్వ్ వుల్ఫ్‌మన్, జార్జ్ పెరెజ్ కలిసి 12 సంచికల 'క్రైసిస్'లో అన్నిటినీ కలిపి ఒకే భూమి చేశారు. ఆ చేర్పులో మిగిలిన అతుకులు సవరించడానికి 1994లో నా 'జీరో అవర్'. తరవాత 2005లో ఒకటి, 2008లో ఒకటి. 2011లో 'ఫ్లాష్‌పాయింట్' కథతో అంతా తుడిచేసి, 'న్యూ 52' పేరుతో 52 పత్రికలను ఒకటో సంచిక నుంచి మొదలుపెట్టారు. 2016లో 'రీబర్త్' అని, తుడిచినదాంట్లో కొంత తిరిగి తెచ్చారు. హాక్‌మ్యాన్ అనే రెక్కల వీరుడి పుట్టుపూర్వోత్తరాలు ఈ సవరణలన్నిటిలోనూ నలిగి ఎంత చిక్కుపడ్డాయంటే, ఆ ప్రశ్న అడిగినవారికి నేను కాఫీ ఇచ్చి మాట మారుస్తాను.

ఇందులో మీరు గుర్తుపెట్టుకోవలసింది చాలా తక్కువ. 'క్రైసిస్' ముగిశాక 1986-87, ఆపైన 2011, 2016, ఈ మూడు చోట్లా కథలు కొంత శుభ్రంగా, కొత్తవారిని దృష్టిలో పెట్టుకుని మొదలయ్యాయి. అంతే. ఒక కథ ఇంకో కథతో పొసగకపోతే కంగారు పడవలసిన పని మనకు అసలే లేదు. వ్యాసుడి భారతంలో శశిరేఖ లేదని తెలిసిన తరవాత కూడా ఆమె పెళ్లి కథ విని ఆనందించినవాళ్లం మనం. ఒకే పాత్రకు నాలుగు కథలుంటే వాటిలో అసలుది ఏదని తగువు పడే అలవాటు అమెరికా పాఠకులకు ఎక్కువ.

ఒక చిన్న చిక్కు మాత్రం నిజమైనది. డీసీలో పేరు ఒకరిది కాదు. గ్రీన్ లాంటర్న్ అనేది పేరు కాదు, అంతరిక్షానికి కాపలా కాసే ఉద్యోగం. భూమి నుంచే ఆలన్ స్కాట్, హాల్ జోర్డన్, జాన్ స్టూవర్ట్, గై గార్డ్‌నర్, కైల్ రేనర్ అంటూ చాలామంది చేశారు. బ్యాట్‌మ్యాన్ పక్కనుండే కుర్ర సహచరుడు రాబిన్ కూడా అంతే. మొదటివాడు డిక్ గ్రేసన్ పెరిగి పెద్దవాడై నైట్‌వింగ్ అనే వేరే వీరుడయ్యాడు. రెండోవాడు జేసన్ టాడ్‌ను బతికించాలా చంపాలా అని 1988లో పాఠకుల చేత ఫోనులో ఓట్లు వేయించారు. చంపమన్నవారు 5,343, వద్దన్నవారు 5,271. డెబ్బై రెండు ఓట్ల తేడాతో ఒక పిల్లవాడు పోయాడు. తరవాత టిమ్ డ్రేక్, ఆ తరవాత బ్యాట్‌మ్యాన్ సొంత కొడుకు డేమియన్. కనుక పుస్తకం తెరిచినప్పుడు ముసుగు పేరు కాక, ముసుగు వెనక మనిషి పేరు చూసుకోండి. సగం గందరగోళం అక్కడే తీరిపోతుంది.

ఇప్పుడు అసలు విషయం. అట్ట మీద వీరుడి పేరు పెద్దగా, రచయిత, చిత్రకారుల పేర్లు చిన్నగా ఉంటాయి. మీరు ఆ చిన్న అక్షరాలను బట్టి కొనండి. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒకే రచయిత, వీలైతే ఒకే చిత్రకారుడు ఉండి, కథ ఆ పుస్తకంలోనే ముగిసిపోయేది వెతకండి. నా ముప్పై ఏళ్ల చదువులో నేను ఎవరికైనా ఇవ్వగలిగిన సలహా ఇదొక్కటే. బ్యాట్‌మ్యాన్ అంటే ఇష్టమని బ్యాట్‌మ్యాన్ బొమ్మ ఉన్న పుస్తకమల్లా కొన్నవారు విసిగి మానేయడం చూశాను.

మొదటి పుస్తకం 'బ్యాట్‌మ్యాన్: ఇయర్ వన్'. ఫ్రాంక్ మిల్లర్ రాశారు, డేవిడ్ మాజుకెల్లీ గీశారు. 1987లో మామూలు నెలవారీ పత్రికలోనే, 404 నుంచి 407 దాకా నాలుగు సంచికల్లో వచ్చింది. 404 అనే అంకె చూసి ఎవరైనా ఇది కొత్తవారి కోసమని అనుకుంటారా? జనవరి 4న ఇద్దరు మనుషులు గోథం నగరానికి వస్తారు. పోలీసు అధికారి గార్డన్ రైలులో, పన్నెండేళ్ల తరవాత ఇంటికి తిరిగొస్తున్న, కాబోయే బ్యాట్‌మ్యాన్ బ్రూస్ వేన్ విమానంలో. పై నుంచి చూసేవాడికి నగరం అందంగా ఉంది, కింద నుంచి చూసేవాడికి భయంగా ఉంది. ఆ ఒక్క తేడాతో ఇద్దరి స్థితీ తెలిసిపోతుంది. అక్కడి నుంచి దాదాపు ఒక సంవత్సరం, తేదీలు వేసుకుంటూ నడుస్తుంది. పేరు బ్యాట్‌మ్యాన్‌దే అయినా, కథలో సగం, నా దృష్టిలో మంచి సగం, లంచగొండి పోలీసు శాఖలో ఇరుక్కున్న గార్డన్‌ది. రంగులు వేసిన రిచ్‌మండ్ లూయిస్‌ను కూడా గమనించండి. ఆ మాసిన పసుపు, బూడిద రంగులు లేకపోతే గోథం అంత ఉక్కపోతగా ఉండేది కాదు. గంటన్నరలో అయిపోతుంది. ముందు ఏమీ తెలియనక్కర్లేదు, తరవాత ఏమీ కొననక్కర్లేదు.

రెండోది 'ఆల్ స్టార్ సూపర్‌మ్యాన్'. గ్రాంట్ మోరిసన్ రచన, ఫ్రాంక్ క్వైట్లీ బొమ్మలు, 2005 నుంచి 2008 దాకా 12 సంచికలు. సూపర్‌మ్యాన్ ఎక్కడ పుట్టాడు, భూమికి ఎలా వచ్చాడు అన్న కథను మొదటి పేజీలోనే నాలుగు బొమ్మల్లో, ఎనిమిది ఇంగ్లీషు మాటల్లో చెప్పేసి ముందుకు వెళ్లిపోతారు. అంత ధీమా ఉన్న ప్రారంభం నేను ఇంకెక్కడా చూడలేదు. సూర్యుడి శక్తి మోతాదు మించి ఒంట్లో చేరడంతో సూపర్‌మ్యాన్‌కు చావు దగ్గరపడుతుంది. ఉన్న కొద్ది రోజుల్లో ఏం చేయాలి అన్నదే కథ. పదో సంచికలో ఎత్తయిన భవనం అంచున నిలబడి దూకబోతున్న ఒక అమ్మాయి దగ్గరికి అతను వెళ్లే పేజీ ఒకటి ఉంది. ఒకే ఒక్క పేజీ. బలం ఏమీ చూపించడు. సూపర్‌మ్యాన్ మరీ మంచివాడు, అందుకే విసుగు అనేవారికి నేను వాదించకుండా ఆ పేజీ తీసి ఇస్తుంటాను.

మూడోది కొంతమందికి వింతగా అనిపించవచ్చు. 'ఫార్ సెక్టర్'. సైన్స్ ఫిక్షన్‌కు ఇచ్చే హ్యూగో బహుమతిని 2016, 2017, 2018లో వరసగా మూడేళ్లు నవలకు గెలుచుకున్న ఎన్.కె. జెమిసిన్ రాసింది, జమాల్ కాంప్‌బెల్ గీసింది. సోజర్నర్ మలీన్ అనే కొత్త గ్రీన్ లాంటర్న్‌ను, ఎవరికీ పట్టని అంతరిక్షపు మూలలో, రెండు వేల కోట్ల జనాభా ఉన్న ఒక నగరానికి కాపలాకు పంపుతారు. ఆ ఊళ్లో భావోద్వేగాలు నిషిద్ధం. శతాబ్దాలుగా లేని హత్య ఒకటి జరుగుతుంది. ఆమెకు మిగతా గ్రీన్ లాంటర్న్‌లతో సంబంధం దాదాపు లేదు, కాబట్టి మీకూ వాళ్ల చరిత్ర అక్కర్లేదు. డిటెక్టివ్ నవలలు చదివే అలవాటు మీకుంటే నేరుగా దీనితోనే మొదలుపెట్టినా తప్పులేదు.

ఈ మూడింటిలో ఏదీ నచ్చకపోతే సూపర్‌హీరో కామిక్స్ మీకు సరిపడవని మొహమాటం లేకుండా తేల్చుకోవచ్చు. నచ్చితే మాత్రం తరవాతి దారి మీరే ఎంచుకుంటారు. బ్యాట్‌మ్యాన్ కావాలంటే జెఫ్ లోబ్, టిమ్ సేల్‌ల 'ది లాంగ్ హాలోవీన్', ఆపైన స్కాట్ స్నైడర్, గ్రెగ్ కపులోల 'కోర్ట్ ఆఫ్ ఔల్స్'. డీసీ వీరులందరినీ ఒకేచోట, కొత్త ఉత్సాహంతో చూడాలంటే డార్విన్ కుక్ ఒంటిచేత్తో రాసి గీసిన 'ది న్యూ ఫ్రాంటియర్'. పాతకాలపు సరదా కావాలంటే మార్క్ వెయిడ్, డాన్ మోరా 2022లో మొదలుపెట్టిన 'వరల్డ్స్ ఫైనెస్ట్'. భయపెట్టేది కావాలంటే అలాన్ మూర్ రాసిన 'స్వాంప్ థింగ్'.

వండర్ ఉమన్ విషయంలో కొంచెం జాగ్రత్త అవసరం. 2016లో గ్రెగ్ రకా రాసిన వరస చాలా బాగుంటుంది. అయితే ఆ పత్రిక నెలకు రెండుసార్లు వచ్చేది. బేసి సంఖ్య సంచికల్లో వర్తమాన కథ, సరిసంఖ్య సంచికల్లో ఆమె తొలినాళ్ల కథ. బొమ్మలు వేసినవారు కూడా వేరు. విడి సంచికలు కొని 1, 2, 3, 4 అని చదివితే ఇద్దరు మనుషులు ఒకేసారి మాట్లాడుతున్నట్టుంటుంది. సంపుటాలుగా వేసినప్పుడు రెంటినీ విడదీశారు. 'ఇయర్ వన్' అని ఉన్న సంపుటి ముందు తీసుకోండి, నికోలా స్కాట్ బొమ్మలు.

అందరూ చెప్పే రెండు పేర్లు నేను చెప్పలేదని మీరు గమనించే ఉంటారు. 'వాచ్‌మెన్', 'ది డార్క్ నైట్ రిటర్న్స్'. రెండూ 1986లో మొదలైనవి, రెండూ గొప్పవి, కానీ రెంటినీ మొదట చదవకూడదు. 'వాచ్‌మెన్' ఆ ఏళ్లలో డీసీ ప్రపంచానికి సంబంధం లేకుండా విడిగా నిలబడిన కథ. సూపర్‌హీరోల మీద నమ్మకంతో పెరిగినవాడితో ఆ నమ్మకం గురించి జరిపే వాదన అది. ఇంకా నమ్మకమే ఏర్పడని మీతో ఎందుకు వాదించాలి? రెండోదాంట్లో బ్యాట్‌మ్యాన్‌కు యాభై అయిదేళ్లు. ఎప్పుడో మానేసిన పనిలోకి ముసలితనంలో తిరిగి వస్తాడు. యవ్వనం చూడని మనిషి వృద్ధాప్యం చూసి బాధపడటం కష్టం. ఈ విషయంలో నాతో గొడవపడే స్నేహితులు ఇద్దరున్నారు. ఇద్దరూ వాటితోనే మొదలుపెట్టారు, ఇద్దరూ ఇప్పటికీ చదువుతున్నారు. అది వారి అదృష్టం.

2024 అక్టోబరులో మొదలైన 'అబ్సల్యూట్' వరస గురించి కూడా మీకు ఎవరైనా చెప్పే ఉంటారు. అది పూర్తిగా వేరే ప్రపంచం, దాని ఒకటో సంచిక నిజంగానే ఒకటో సంచిక. అందులో బ్రూస్ వేన్‌కు కోట్ల ఆస్తి లేదు, భవంతి లేదు, తల్లి బతికే ఉంది. అతను సివిల్ ఇంజనీరు. ఆల్‌ఫ్రెడ్ అతని ఇంటి బట్లర్ కాదు, బ్రిటిష్ గూఢచారి. కాగితం మీద ఇంతకంటే మంచి ప్రారంభం ఉండదు. కానీ అసలు బ్యాట్‌మ్యాన్ దగ్గర ఏముండేదో తెలిసినవాడికే ఇక్కడ ఏం లేకుండా పోయిందో తెలుస్తుంది. 'ఇయర్ వన్' చదివిన మర్నాడు చదవండి, దాని రుచి రెండింతలవుతుంది. కెల్లీ థామ్సన్ రాస్తున్న 'అబ్సల్యూట్ వండర్ ఉమన్'కు మాత్రం ఈ షరతు లేదు. అమెజాన్ వీరవనితల దీవిలో కాక నరకంలో, మంత్రగత్తె సర్సీ పెంపకంలో పెరిగిన డయానా కథ అది, ఏమీ తెలియకుండానే చదవవచ్చు.

కొనడం గురించి. విడి సంచికలో కథ ఇరవై పేజీల పైచిలుకు ఉంటుంది, కాఫీ చల్లారేలోగా అయిపోతుంది. మొదట్లో వాటి జోలికి వెళ్లకండి. అయిదారు సంచికలు కలిపి వేసే సంపుటిని ట్రేడ్ పేపర్‌బ్యాక్ అంటారు, మీకు కావలసింది అది. ఆమ్నిబస్ అని వందలాది పేజీల గట్టి అట్టల బండలు కూడా దొరుకుతాయి. అలమరలో ఠీవిగా ఉంటాయి, పడుకుని చదివితే పక్కటెముకలకు మంచిది కాదు. 2024 నుంచి డీసీ వాళ్లు 'కాంపాక్ట్ కామిక్స్' అని మామూలు నవల సైజులో, అమెరికాలో పది డాలర్ల లోపు ధరకు పూర్తి కథలు వేస్తున్నారు. నేను చెప్పినవాటిలో 'ఆల్ స్టార్ సూపర్‌మ్యాన్', 'ఫార్ సెక్టర్', 'కోర్ట్ ఆఫ్ ఔల్స్' ఆ సైజులో వచ్చాయి. బొమ్మలు చిన్నవవుతాయి, నా వయసు వారికి కళ్లజోడు తప్పదు, కానీ మొదటి పుస్తకం మీద వేలు ఖర్చుపెట్టడం కంటే నయం. అమెరికాలో ఉంటున్న మన వారెవరైనా ఇది చదువుతుంటే, మీ ఊరి గ్రంథాలయం కార్డుతో హూప్లా అనే యాప్‌లో డీసీ సంపుటాలు ఉచితంగా దొరికే అవకాశం ఉంది, ముందు అక్కడ చూడండి. హైదరాబాదు వారికి ఆబిడ్స్ ఆదివారం సంత ఇంకా ఉంది. అంకెలు మాత్రం నమ్మకండి.

ఫోనులో చదవవచ్చా అని కూడా చివర్లో ఒక వాక్యం రాశారు. చదవవచ్చు. 'కోర్ట్ ఆఫ్ ఔల్స్' మాత్రం కాగితం మీదే చదవండి. అందులో ఒకచోట బ్యాట్‌మ్యాన్ చిక్కుదారుల నేలమాళిగలో రోజుల తరబడి తిరిగి మతి తప్పే స్థితికి వస్తాడు. అతనితో పాటు పేజీలు కూడా పక్కకు ఒరిగి, తరవాత తలకిందులవుతాయి. పుస్తకాన్ని మీరే గుండ్రంగా తిప్పుతూ, ఎటు నుంచి ఎటు తిరగేయాలో తెలియక తికమక పడాలి. ఫోను తిప్పితే అది బొమ్మను తనే సర్ది నిలబెడుతుంది, కష్టపడి చేసిన తికమక అంతా వృథా.

మీ అమ్మాయికి 'సూపర్‌మ్యాన్ స్మాషెస్ ద క్లాన్' ఇవ్వండి. జీన్ లుయెన్ యాంగ్ రచన, గురిహిరు బొమ్మలు, 2019-20లో మూడు భాగాలుగా వచ్చి ఒకే పుస్తకమైంది. 1946లో ఒక చైనీయ కుటుంబం చైనాటౌన్ వదిలి మెట్రోపోలిస్‌లో కొత్త పేటకు మారుతుంది. ముసుగులు వేసుకున్న జాత్యహంకారుల గుంపు ఇంటి ముందు శిలువ తగలబెడుతుంది. ఆ ఇంటి ఆడపిల్ల రాబర్టా కళ్లతో కథ నడుస్తుంది. ఆమె బెరుకు మనిషి, కొత్త బడిలో ఇమడలేక అవస్థ పడుతుంటుంది. ఇందులోని సూపర్‌మ్యాన్‌కు కూడా ఇంకా ఎగరడం రాదు, కరెంటు తీగల మీద పరుగెత్తుతాడు. తాను ఈ లోకపు మనిషి కాదన్న సంగతి ఒప్పుకోవడానికి అతనికీ భయమే. దీనికి మూలం 1946లో అమెరికాలో నిజంగా ప్రసారమైన సూపర్‌మ్యాన్ రేడియో ధారావాహిక. చదివాక మీరూ ఆమె కాసేపు మాట్లాడుకోవచ్చు, ముఖ్యంగా పరాయి దేశంలో పిల్లలను పెంచుతున్న బంధువులు మీకుంటే. ఒక హెచ్చరిక. అట్ట మీద 'బ్లాక్ లేబుల్' అని ఉన్నవి పెద్దల కోసం వేసినవి, ఆమెకు అందకుండా పెట్టండి. 'ది కిల్లింగ్ జోక్' పలచగా, అమాయకంగా కనిపించే పుస్తకం, అసలే వద్దు.

ఇక మీ మూడో ప్రశ్న, 'క్రైసిస్'. అది డీసీ చరిత్రను కొత్తవారికి వివరించే పుస్తకం కాదు. అప్పటికి యాభై ఏళ్లుగా పోగుపడిన పాత్రలన్నిటికీ చేసిన వీడ్కోలు సభ. పెరెజ్ ఒక్కో పేజీలో పదుల కొద్దీ మనుషులను ముఖకవళికలతో సహా గీశారు. వాళ్లు ఎవరో తెలిసినవాడికి కళ్లు చెమరుస్తాయి, తెలియనివాడికి తిరునాళ్లలో తప్పిపోయినట్టుంటుంది. ఏడో సంచికలో సూపర్‌మ్యాన్ బంధువు సూపర్‌గర్ల్, ఎనిమిదో సంచికలో బ్యారీ అలెన్ చనిపోతారు. ఏడో సంచిక అట్ట మీద సూపర్‌మ్యాన్ ఆమె శరీరాన్ని చేతుల్లో పట్టుకుని ఏడుస్తుంటాడు, వెనక వీరులందరూ తలలు వంచుకుని నిలబడి ఉంటారు. డీసీ అట్టల్లో అంతకంటే ఎక్కువసార్లు అనుకరణకు గురైనవి చాలా తక్కువ. మీరు ఈ రోజు దాన్ని చూస్తే బాగా గీసిన బొమ్మ, అంతే.

కాబట్టి ముందు ఆ అమ్మాయితో పరిచయం చేసుకోండి. టామ్ కింగ్ రాసి బిల్కిస్ ఎవ్లీ గీసిన 'సూపర్‌గర్ల్: ఉమన్ ఆఫ్ టుమారో' 2021-22లో వచ్చింది, ఎనిమిది సంచికలు, ఒకే సంపుటి. తండ్రిని చంపినవాడిని వెతుక్కుంటూ బయలుదేరిన రూథీ అనే చిన్నపిల్ల, దారిలో కలిసిన సూపర్‌గర్ల్ గురించి ఏళ్ల తరవాత చెప్పే కథ. ఆ తరవాత మార్క్ వెయిడ్ తొంభైల్లో రాసిన ఫ్లాష్ కథలు కొన్ని చదవండి. వాటిలో బ్యారీ లేడు, అతని శిష్యుడు వాలీ వెస్ట్ ఉన్నాడు. కానీ పోయిన గురువు ప్రతి పేజీలోనూ ఉన్నాడు. ఇవి రెండూ అయ్యాక, ఒక ఏడాదికో రెండేళ్లకో, 'క్రైసిస్' తెరవండి. అప్పటికీ అందులో సగంమంది మీకు తెలియరు. నాకూ తెలియరు. ఏడో సంచిక అట్ట మీద పడుకున్నది ఎవరో మాత్రం తెలుస్తుంది.